పాలు పొంగించే చెయ్యి

ఆ వీడియోలో మాలకొండమ్మ నవ్వుతూ ఉంటుంది. కొంగు సరిచేసుకుని, రెండు చేతులతో ఒక సత్తు గిన్నె పట్టుకుని, కెమెరా ఎటుందో తెలియక కాస్త పక్కకు చూస్తూ ఉంటుంది. "ఎర్రయ్యన్న చిన్నప్పుడు తిన్న గిన్నె ఇదేనా అమ్మా?" అని ఎవరిదో గొంతు అడుగుతుంది. "ఇదే నాయనా. పారెయ్యబుద్ధి గాక దాచిపెట్టినా," అంటుంది ఆమె. అక్కడ ఏడుపు సంగీతం మొదలై, గిన్నె దగ్గరగా కనబడి, దాని మీద ఎర్రటి అక్షరాలు పడతాయి: "కుక్కకు పెట్టి, పసివాడికి ఒట్టి గిన్నె చూపించిన వదిన ఈమే!"

మాలకొండమ్మకు చదువు రాదు. ఆ అక్షరాలు ఏం చెప్తున్నాయో తెలియక, పక్కింటివాళ్ళ ఫోన్లో ఆ వీడియో మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని చూసిందట. "మా ఎర్రయ్య పుణ్యాన నన్ను గూడా ఎక్కిచ్చినారు," అని సంబరపడిందట. కోడలు శ్రీదేవి వచ్చి, ఫోను లాక్కుని, చదివి చెప్పేదాకా.

ఎర్రయ్య ఆమె మరిది. పెద్దారవీడు అవతల, అడవి మొదలయ్యే చోట వాళ్ళ పల్లె. గొర్రెలు కాసే ఇల్లు. ఎర్రయ్య హైదరాబాదు పోయి, టీవీలో నవ్వించే కార్యక్రమాలు చేసి, మెల్లగా సినిమాల్లో హీరో పక్కన ఉండే వేషాల దాకా వెళ్ళాడు. పోయిన సంవత్సరం తన జీవితకథ రాసుకున్నాడు. పేరు 'ఒట్టి గిన్నె', చిన్నప్పుడు వదిన కూడు కుక్కకు వేసి తనకు చూపించిందని రాసిన గిన్నె. తాగుడు దాచకుండా రాశాడు, మొదటి పెళ్ళాన్ని వదిలేసిన సంగతి రాశాడు, వేషం కోసం ఎవరెవరి చెప్పులు మోశాడో రాశాడు. ఇంత నిజాయితీగా రాసుకున్న నటుడు ఇంకొకడు లేడని పత్రికలవాళ్ళు మెచ్చుకున్నారు. పుస్తకం వెనక అట్ట మీద అతని మాటే వేశారు: "ఇందులో ఒక్క అబద్ధం ఉన్నా నా నోట మన్ను పడాలి."

నేను మార్కాపురంలో హాస్టల్ వార్డెనుగా పనిచేసి రిటైరయ్యాను. ఆరో తరగతి నుంచి పది దాకా ఎర్రయ్య నా హాస్టల్లోనే ఉన్నాడు. ఆదివారమైతే మాలకొండమ్మ బస్సు దిగి, గుడ్డలో కట్టిన జొన్నరొట్టెలు, కారంపొడి పట్టుకుని గేటు దగ్గర నిలబడేది. అప్పటికి ఆమెకే పట్టుమని ఇరవై ఏళ్ళు ఉండేవి కావు. ఎర్రయ్య ఆడుకుని వచ్చేదాకా మా ఇంటి వసారాలో కూర్చునేది. నా భార్య సుశీలమ్మ ఆమెకు మజ్జిగ ఇచ్చేది. సుశీలమ్మ పోయాక కూడా మాలకొండమ్మ రావడం మానలేదు. పలకరించి, దేవుడి పటాల పక్కనున్న సుశీలమ్మ ఫోటోకు ఒక పువ్వు పెట్టి పోయేది.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం వచ్చింది. కుర్చీ చూపించాను.

"ఈడ సల్లగుంది సార్," అని తలుపు పక్కన గచ్చు మీదే కూర్చుంది.

"ఆ వీడియో సంగతేనా అమ్మా?"

"దాన్ని ఎవురు ఆపుతారులే సార్. ఇది యేరే. సుబ్బయ్య మామ చెప్పినాడు. ఈ ఏడు కొలుపులో పాలకుండ నేను ఎత్తగూడదంట."

వానలు పడి గడ్డి లేచాక వాళ్ళ పల్లెలో గంగమ్మ కొలుపు చేస్తారు. పల్లెలోని మందలన్నింటి పాలూ ఒక కొత్తకుండలో పోసి, గొర్రెల దొడ్డి ముందు పొయ్యి మీద పొంగిస్తారు. పొంగించేది పెద్దింటి పెద్ద కోడలు. పక్కన మొగుడు తలపాగా చుట్టుకుని నిలబడతాడు. పొంగిన పాలు దొడ్డి గడపన చల్లితేనే ఆ ఏడు మందకు రోగం రాదని వాళ్ళ నమ్మకం. సుబ్బయ్య కులపెద్ద.

"పసిబిడ్డ నోటికాడి కూడు కుక్కకేసిన చెయ్యి పాలు పొంగిస్తే మందకు కీడంట. నేను అట్ల చెయ్యలేదు మామా అంటే ఇంటాడా? పుస్తకం తెప్పిచ్చి వాళ్ళ వాకిట్లో పీట మీద పెట్టినాడు. 'అచ్చులో ఉంది గదా కోడలా, అబద్ధమైతే అచ్చెందుకేస్తారు' అన్నాడు."

"కాటమరాజు ఏమన్నాడు?" కాటమరాజు ఆమె భర్త, ఎర్రయ్యకు అన్న.

ఆమె గచ్చు మీద పాకుతున్న చీమ తన చీర అంచు కింద పడబోతుంటే వేలితో పక్కకు తప్పించింది.

"నేను మంద వెంట అడవిలో ఉంటి, ఇంట్లో ఏం జరిగిందో నాకేం తెల్సు, అన్నాడు సార్. అందరి ముందర."

బయట ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఊరన్నాక అంటారు సార్. రేషన్ కాడ 'కుక్క కూడు మాలకొండ' అంటాండారు. పడతాండా. కానీ ఆ కుండ మా అత్త నా చేతికిచ్చింది. అప్పటి నించి ఒక్కేడు గూడా తప్పలేదు. వాడు ఒక్క మాట చెప్తే చాలు. అట్ల జరగలేదని. ఒక్క మాట, వాడి నోటితో."

మరుసటి వారమే మార్కాపురంలో ఎర్రయ్యకు సన్మానం. పాత వార్డెనునని నన్నూ వేదిక మీదికి పిలిచారు. అడుగుతానని ఆమెకు మాటిచ్చాను.

సన్మానానికి ముందురోజు సాయంత్రం అతను దిగిన లాడ్జికి వెళ్ళాను. ఎర్రయ్య నన్ను చూడగానే లేచి వచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. జుట్టుకు రంగు వేయించుకుంటున్నాడేమో, మెడ చుట్టూ తువ్వాలు ఉంది. "మా సార్! మా సార్!" అని అందరికీ చూపించాడు. సుశీలమ్మ పోయిన సంగతి ఎవరో చెప్పారని, ఆమె చేతి మజ్జిగ తనకు ఇంకా గుర్తుందని అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. అతని కళ్ళు చూస్తే తెలుస్తుంది. నేను విషయం మొదలుపెట్టగానే అందరినీ బయటకు పంపి తలుపు వేశాడు.

"సార్, మీకు అబద్ధం చెప్పను," అన్నాడు.

"నాకు కాదు. పుస్తకంలో చెప్పావే."

"మొదట నిజమే రాసినా సార్. కరువు వచ్చింది, గొర్రెలు చచ్చినాయి, ఇంట్లో అందరం పస్తులున్నాం అని. ఆ పుస్తకం వేసేటాయన చదివి 'బాగుంది, కానీ ఏడుపు రాలేదు' అన్నాడు. ఎట్ల వస్తాది? కరువును ఎవుడు తిట్టుకుంటాడు సార్? కరువుకు మొహం ఉండదు."

"అందుకని మీ వదిన మొహం పెట్టినావు."

"అమ్మను పెట్టలేను గదా, పోయింది. అన్నను పెడితే కర్ర తీసుకుని హైదరాబాదు వస్తాడు." నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. "వదినైతే ఏమీ అనదు సార్. చిన్నప్పటి నించి చూస్తాండా గదా. ఏమీ అనదు."

"మరి ఆ ఒట్టి గిన్నె? అది కూడా కల్పనేనా?"

అప్పుడు కుర్చీలో వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. టీవీలో కనబడే మనిషి కాసేపు ఎటో పోయాడు.

"లే సార్. గిన్నె ఉండేది. అది ఆమెది. ఉన్న సంగటంతా నాకు, అమ్మకు పెట్టి, ఆమె పొయ్యి వైపు తిరిగి కూర్చునేది. గిన్నెలో చెయ్యి తిప్పేది. నమిలేది. 'సాలు, కడుపు నిండింది' అని లేచేది. ఒకరోజు నేను చాటుగా పోయి చూసినా. గిన్నెలో ఏమీ లేదు. నాకు నటన నేర్పింది ఎవురంటే ఆమే సార్. ఇంతవరకు ఎవురికీ చెప్పలా."

అతని చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. రంగుతో కలిసి మెడ మీది తువ్వాలు నల్లబడుతోంది. ఇన్ని మాటల్లోనూ ఆ ఏడుపులోనూ నాకు ఎక్కడా నటన కనబడలేదు. అదే చూసి నాకు భయమేసింది.

"ఇదే రాసి ఉంటే సరిపోయేది గదయ్యా," అన్నాను.

"ఇదే రాస్తే నేను ఏమైతాను సార్? ఆమె పస్తుంటే చూసి గూడా తిన్నోణ్ణి అయితా."

ఆ వయసు పిల్లవాడు ఆకలికి తిన్నాడు. అందులో తప్పేముందని అనబోయాను. అతనికి ఆ ఓదార్పు అక్కరలేదని అర్థమైంది. అన్ని తప్పులూ అచ్చులో ఒప్పుకున్న మనిషి, తప్పు కాని ఈ ఒక్కదాన్నే ఒప్పుకోలేకపోయాడు.

"కొలుపులో ఆమెను కుండ ముట్టనియ్యడం లేదు," అన్నాను. "నీ నోటితో ఒక్క మాట అడుగుతోంది. అట్ల జరగలేదని."

కళ్ళు తుడుచుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. "రేపు ఆమెను తీసుకురండి సార్. స్టేజీ మీదికి పిలుస్తా. అందరి ముందర వదిన కాళ్ళు పట్టుకుంటా. సరేనా?"

సరేనన్నాను. ఆ రాత్రే శ్రీదేవికి ఫోన్ చేసి చెప్పాను. వెనక నుంచి మాలకొండమ్మ, "కాళ్ళు వద్దని చెప్పు. మాట చాలు," అనడం వినబడింది.

సన్మానం ఒక కళ్యాణమండపంలో. పలకల ఫ్యాక్టరీలవాళ్ళు, కాలేజీ పిల్లలు, పత్రికలవాళ్ళు, నిలబడ్డానికి కూడా చోటు లేదు. ముందు వరసలో మాలకొండమ్మ పసుపు అంచు చీర కట్టుకుని, శ్రీదేవి పక్కన, చేతులు ముడుచుకుని కూర్చుంది. ఆమెను గుర్తుపట్టి వెనక వరసల్లో గుసగుసలు. ఒకామె మాత్రం తన పిల్ల చేతిలోని నీళ్ళ బాటిల్ తీసి ముందుకు అందించింది. మాలకొండమ్మ తాగలేదు గానీ, పట్టుకుని కూర్చుంది.

ఎర్రయ్య మాట్లాడాడు. నవ్వించాడు. హాస్టల్ పప్పులో పప్పు కోసం ఈదాల్సి వచ్చేదన్నాడు, నా వైపు చెయ్యి చూపించి. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఇక్కడ ఒకామె ఉంది. మీ అందరికీ తెలుసు. వదినా, రా."

శ్రీదేవి చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించింది. ఎర్రయ్య ఆమె ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని కాళ్ళు రెండూ పట్టుకున్నాడు. హాలంతా ఫోన్లు లేచాయి. ఆమె వంగి అతని భుజాలు పట్టి లేపబోయింది. "లెయ్ నాయనా, లెయ్," అంటోంది.

అతను లేవలేదు. తల ఎత్తి మైకులో అన్నాడు:

"ఈ తల్లి ఆ రోజు నాకు కూడు పెట్టలేదు. నిజమే. రాసినా. కానీ ఆ ఆకలి లేకపోతే ఈ ఎర్రయ్య లేడు. అందుకే ఈరోజు మీ అందరి ముందర, గంగమ్మ సాక్షిగా చెప్తాండా. నేను మా వదినను క్షమించినా!"

జనం లేచి నిలబడ్డారు. చప్పట్లు ఆగలేదు. ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. మాలకొండమ్మ చేతులు ఇంకా అతని భుజాల మీదే ఉన్నాయి. తీయాలో ఉంచాలో తెలియనట్టు నా వైపు చూసింది.

నేను లేచి మైకు దగ్గరికి పోయాను. ఎలా పోయానో గుర్తులేదు. "క్షమించడానికి ఆమె ఏ తప్పూ చెయ్యలేదు," అన్నాను. "ఆ ఒట్టి గిన్నె ఆమెది. ఆ కరువులో తను తినకుండా ఇతనికి పెట్టింది. నిన్న ఇతనే నాకు—"

పాట మొదలైంది. అమ్మ మీద ఏదో పాట, పెద్ద స్పీకర్లలో. కార్యక్రమం నడిపించే అమ్మాయి చిరునవ్వుతో నా చేతిలో మైకు తీసుకుంది. "సార్ చాలా ఎమోషనల్ అయ్యారు. ఇంత మంచి గురువుగారికి ఒక్కసారి గట్టిగా!" మళ్ళీ చప్పట్లు. ఎర్రయ్య వచ్చి నన్ను వాటేసుకున్నాడు. నా చెవిలో మెల్లగా అన్నాడు:

"వదిలెయ్యండి సార్. ఆమెకు ఇదే మంచిది. ఇంక ఊళ్ళో ఎవురూ ఆమెను ఏమీ అనరు. సూడండి."

ఇంటికి పోయేటప్పుడు ముగ్గురం ఒకే ఆటో ఎక్కాం. బస్టాండు దాకా మాలకొండమ్మ ఒకే మాట అన్నది. "నేనేం చేసినానని క్షమించినాడు సార్?" శ్రీదేవి ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "సార్ చెప్పింది నేను విన్నా అత్తా," అంది. "ముందర ఉన్నోళ్ళం విన్నాం." దిగేటప్పుడు నేను డబ్బు తీస్తే ఆటో అతను పుచ్చుకోలేదు. అప్పటికే వీడియో వచ్చేసిందేమో, మాలకొండమ్మ వైపు తిరిగి ఎంతో మెత్తగా అన్నాడు: "వద్దులే సార్. పోనీలే పెద్దమ్మా, తప్పులు ఎవురు చెయ్యరు. ఆయనే మరిచిపోయినాడు గదా."

మంచివాడు. ఆమె తల ఊపి దిగింది.

ఎర్రయ్య అన్నట్టే అయింది. నేను మొహం చెల్లక రెండు మూడు రోజులు ఆగి వాళ్ళ పల్లెకు వెళ్ళేసరికి మాలకొండమ్మ వాకిట్లో సుబ్బయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. కాటమరాజు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మాలకొండమ్మ చేటలో జొన్నలు చెరుగుతోంది.

"తమ్ముడే క్షమించినాక మేమెవురం?" అంటున్నాడు సుబ్బయ్య. "అందరూ ఒప్పుకున్నారు. కుండ నువ్వే ఎత్తు కోడలా."

"వద్దు మామా."

"ఏందీ?"

"శ్రీదేవి ఎత్తుతాది."

సుబ్బయ్యకు అర్థం కాలేదు. "నిన్న మొన్నటి దాకా ఆ కుండ కోసరం మా గడప అరగదొక్కితివి. ఇప్పుడు మేమే వచ్చి అడిగితే వద్దంటావా?"

ఆమె చేట కింద పెట్టింది.

"పాలు పొంగితే ఎర్రయ్య క్షమించినందుకు పొంగినాయంటారు మామా. పొంగకపోతే మాలకొండ పాపం ఇంకా పోలేదంటారు. ఎట్లయినా నేను ఆ పని చేసినట్టే గదా. నేను చెయ్యలేదు. చెయ్యలేదని నువ్వు అంటే ఎత్తుతా. క్షమించినారంటే ఎత్తను."

"అచ్చులో ఉన్నదాన్ని నేనెట్ల కాదంటా?"

"అయితే పో మామా. పొద్దుబోతాంది."

"పొగరు," అని సుబ్బయ్య లేచాడు. గడప దగ్గర ఆగి కాటమరాజుతో అన్నాడు: "నీ పెళ్ళాం సంగతి నువ్వు సూసుకో. కొలుపు రోజు నువ్వైతే రావాల, తలపాగా కట్టుకుని. నీ కొడుకు కోడలు ఎత్తినా పెద్ద నువ్వే గదా."

కాటమరాజు తల ఊపాడు. అతను మామూలుగానే మాట తక్కువ మనిషి. నాకు దండం పెట్టి, కర్ర తీసుకుని మంద దగ్గరికి పోయాడు. భార్య వైపు చూడలేదు.

కొలుపు రోజు ఆమె ఒంటరిగా ఉంటుందని పొద్దున్నే బస్సెక్కాను. కొడుకు కోటి, శ్రీదేవి తలస్నానం చేసి ఎప్పుడో దొడ్డి దగ్గరికి వెళ్ళిపోయారు. శ్రీదేవి వెళ్ళే ముందు అత్త కాళ్ళకు మొక్కి, పాలు పొంగుతాయో లేదో భయమేస్తోందని ఏడ్చిందట. కట్టెలు ఎట్ల పేర్చాలో, మంట ఎప్పుడు తగ్గించాలో మాలకొండమ్మ అన్నీ చెప్పి పంపింది.

మేమిద్దరం వసారాలో కూర్చున్నాం. దూరంగా డప్పులు. ఊరంతా అక్కడే ఉంది. వీధిలో ఒక ముసలి కుక్క తప్ప ఎవరూ లేరు. ఆమె ఒక చోట చూపు నిలపలేకపోతోంది. డప్పు దరువు మారినప్పుడల్లా, "ఇప్పుడు కుండ ఎక్కిచ్చినారు," "ఇప్పుడు పాలు పోస్తాండారు," అని తనలో తను అనుకుంటోంది. చేతులు మాత్రం ఒళ్ళో కదలకుండా ఉన్నాయి.

ఎవరో వస్తున్న అలికిడి అయింది. కాటమరాజు. తలపాగా కొత్తది, నుదుటన కుంకుమ. అక్కడ పొయ్యి పక్కన నిలబడాల్సిన మనిషి.

"ఏంది, ఏమన్నా మరిసినావా?" అని ఆమె లేవబోయింది.

అతను వసారా మెట్టు మీద, మాకు కాస్త దూరంగా, వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. కర్ర మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. నేను లేచి పోదామనుకున్నాను గానీ, లేస్తే చప్పుడవుతుందని ఊరుకున్నాను.

"శ్రీదేవి ఏందో చెప్పింది," అన్నాడు చివరికి, వీధినే చూస్తూ. "ఈ సార్ స్టేజీ మీద అన్నాడంట."

ఆమె అతని వీపు వైపు చూసింది.

"ఆ కరువులో," అని ఆగాడు. "నేను అడవి నించి వచ్చినప్పుడు గూడా నువ్వు పొయ్యి దిక్కు తిరిగే తింటాంటివి. నాకు సిగ్గుపడతాండావేమో అనుకుంటి. కొత్తగా వచ్చిన పిల్ల గదా అని." మోకాళ్ళ మీది కర్రను కింద పెట్టాడు. "తింటాంటివా?"

ఇన్నాళ్ళూ అందరూ ఆమెను, పెట్టినావా లేదా అనే అడిగారు. నేనైనా అంతే, ఆమె తిన్నదా అని నేను కూడా ఎప్పుడూ ఆమెను అడగలేదు.

"లేదు," అన్నది.

కాటమరాజు తల వంచుకున్నాడు. అంతే. దగ్గరికి రాలేదు. తలపాగా మెల్లగా విప్పి, మడిచి, పక్కన మెట్టు మీద పెట్టాడు.

దూరంగా డప్పులు ఒక్కసారిగా జోరందుకున్నాయి. "పొంగినాయి! పొంగినాయి!" అని కేకలు. పెద్ద దిక్కు కోసం ఎవరో అతని పేరు పెట్టి పిలుస్తున్నారు. మళ్ళీ పిలిచారు.

అతను లేవలేదు.